తన్మయత్వం కొందరికే ఎందుకు? స్వభావానికీ ఆధ్యాత్మిక అనుభవానికీ ఉన్న లంకె

1927 డిసెంబరులో ఫ్రెంచి రచయిత రొమేఁ రోలాఁ సిగ్మండ్ ఫ్రాయిడ్‌కు ఒక ఉత్తరం రాశారు. మతాన్ని భ్రమగా తేల్చేసిన ఫ్రాయిడ్, ఆ మతాలన్నిటికీ ఊట అయిన ఒక అనుభూతిని పట్టించుకోలేదన్నది ఆ ఉత్తరంలోని ఆక్షేపణ. ఎల్లలు లేని, ఏ శాస్త్రగ్రంథంతోనూ పనిలేని ఆ అనుభూతిని రోలాఁ సముద్రంతో పోల్చారు. అది తనకు ఎన్నడూ దూరం కాలేదన్నారు. రెండేళ్ల తర్వాత రామకృష్ణ పరమహంస జీవితచరిత్రను వెలువరించింది కూడా ఆయనే. ఫ్రాయిడ్ ఆ ఆక్షేపణను కొట్టిపారేయలేదు. ఎంత వెతికినా అటువంటి అనుభూతి తనలో కనిపించలేదని 1930లో అచ్చులోనే ఒప్పుకున్నారు. అంతకు ముందు ఏడాది రోలాఁకు రాసిన జాబులో, మార్మికత (మిస్టిసిజం) తనకు సంగీతంలాగే అందని లోకమని కూడా చెప్పుకున్నారు.

ఆధ్యాత్మిక అనుభవాల మనస్తత్వశాస్త్రానికి పునాది వేసిన అమెరికన్ పండితుడు విలియం జేమ్స్‌ది కూడా దాదాపు ఇదే పరిస్థితి. 1901, 1902 సంవత్సరాల్లో ఎడింబరోలో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఆయన మార్మికానుభవానికి నాలుగు గుర్తులు చెప్పారు: మాటల్లో పెట్టలేకపోవడం, ఏదో సత్యం తెలిసివచ్చిందన్న నిశ్చయం, ఎంతోసేపు నిలవకపోవడం, తన ప్రమేయం లేకుండా ఏదో శక్తి తనను పట్టుకుందన్న భావన. ఇంత నిశితంగా వర్ణించిన జేమ్స్, తన ప్రకృతి తనను ఆ అనుభవాలకు దాదాపు పూర్తిగా దూరం చేసిందనీ, తాను చెప్పేదంతా ఇతరుల నోట విన్నదేననీ ముందే స్పష్టం చేశారు. ఇద్దరిలో ఒకరు మతాన్ని అనుమానించినవారు, మరొకరు సానుభూతితో చూసినవారు. అనుభవం మాత్రం ఇద్దరికీ అందలేదు. విశ్వాసం ఒకటి, అనుభవానికి వీలిచ్చే మనస్తత్వం మరొకటి అన్న విషయం అక్కడే పొడసూపింది. దాన్ని కొలతలతో నిర్ధారించుకోవడానికి ఆ తర్వాత మరో డెబ్బయి ఏళ్లు పట్టింది.

వ్యక్తిత్వ పరిశోధనలో నేడు ఎక్కువగా వాడుకలో ఉన్న చట్రం బిగ్ ఫైవ్. కొత్తదనం పట్ల సుముఖత, బాధ్యతాయుత స్వభావం, బహిర్ముఖత, సౌమ్యత, ఆందోళనకు లోనయ్యే గుణం అన్నవి అందులోని అయిదు కొలబద్దలు. ఈ లక్షణాలకూ మతనిష్ఠకూ ఉన్న సంబంధం మీద వచ్చిన అధ్యయనాలను బెల్జియం శాస్త్రవేత్త వాసిలిస్ సరోగ్లూ 2002లోనూ, 2010లోనూ ఒకచోట చేర్చి లెక్కకట్టారు. పూజలు, నియమాలు, సంప్రదాయం పాటించేవారిలో సౌమ్యత, బాధ్యతాయుత స్వభావం కొంచెం ఎక్కువగా కనిపించాయి. సంస్థాగత మతంతో పెద్దగా ముడిపడని ఆధ్యాత్మికత మాత్రం కొత్తదనం పట్ల సుముఖత వైపు మొగ్గింది. ఈ సంబంధాలేవీ బలమైనవి కావు. అయినా అవి చూపే తేడా మనకు తెలియనిదేమీ కాదు. శనివారం వెంకటేశ్వరస్వామి దర్శనం, ఏకాదశి ఉపవాసం ముప్ఫై ఏళ్లుగా తప్పని మనిషికి గర్భగుడి ముందు ఒక్కసారి కూడా ఒళ్లు గగుర్పొడిచి ఉండకపోవచ్చు. గుడి మెట్లెక్కని మరొకరు ఎక్కడి నుంచో వినిపించిన నాదస్వరానికి నిలువునా కరిగిపోవచ్చు.

భక్తులను వర్గీకరించే ప్రయత్నాలు కొత్తవి కావు. ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని అని భగవద్గీత ఏడో అధ్యాయం నలుగురిని చెబుతుంది. మతాన్ని సాధనంగా వాడుకునేవారు, మతాన్నే గమ్యంగా బతికేవారు అని అమెరికన్ మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ తన సహచరుడు మైకేల్ రాస్‌తో కలిసి 1967లో రెండు ధోరణులను కొలిచారు. గీతలో ఆధునిక మనస్తత్వశాస్త్రం ముందే ఉందని చెప్పుకోవడం మనకు అలవాటుగానీ, ఇక్కడ గమనించవలసింది వేరే ఉంది. ఈ రెండు వర్గీకరణలూ మనిషి దేవుణ్ణి ఎందుకు ఆశ్రయిస్తున్నాడో చెబుతాయే తప్ప, ఆశ్రయించినవారిలో ఎవరికి దర్శనమో స్పర్శో నాదమో కలుగుతుందో చెప్పవు.

ఆ రెండో ప్రశ్నకు దగ్గరగా వచ్చిన కొలత మత పరిశోధన నుంచి కాక, హిప్నాటిజం పరిశోధన నుంచి వచ్చింది. హిప్నాటిజానికి కొందరు ఇట్టే లొంగడానికీ, కొందరు ఎంతకీ లొంగకపోవడానికీ కారణం వెతుకుతూ ఆకె టెలెగెన్, గిల్బర్ట్ ఆట్కిన్‌సన్ 1974లో అబ్సార్ప్షన్ అనే లక్షణాన్ని వేరుచేసి చూపారు. లీనత అనుకుంటే సరిపోతుంది. దాన్ని కొలిచే పట్టికలోని 34 అంశాల్లో చాలావాటికి దేవుడి ఊసే ఉండదు. పాట వింటూ చుట్టూ ఉన్న లోకాన్ని మరిచిపోతారా, మేఘాల్లో ఆకారాలు కనిపిస్తాయా, పాత సంఘటనను తలచుకుంటే అది మళ్లీ కళ్లెదుట జరుగుతున్నట్టే ఉంటుందా అన్న తరహాలో అవి సాగుతాయి. ఇలాంటివాటికి అవునని ఎక్కువగా చెప్పేవారే దైవసాన్నిధ్యాన్ని, అశరీరవాణిని, విశ్వంతో ఏకత్వాన్ని అనుభవించామని కూడా ఎక్కువగా చెబుతారని తర్వాతి పరిశోధనల్లో పదేపదే తేలింది. పుట్టగానే విడిపోయి వేర్వేరు ఇళ్లలో పెరిగిన కవలలను కూడా చేర్చుకుని మినెసోటాలో జరిగిన అధ్యయనాన్ని బట్టి, మనుషుల మధ్య లీనతలో కనిపించే తేడాల్లో సుమారు సగానికి వంశపారంపర్యమే కారణం. ఫ్రాయిడ్ సంగీతాన్నీ మార్మికతనూ ఒకే వాక్యంలో ఎందుకు చేర్చారో ఈ పట్టిక చూశాక అర్థమవుతుంది.

లీనత బలం ఎంతటిదో పరిశోధకులు అనుకోకుండా కనిపెట్టిన సందర్భం ఒకటుంది. కెనడాలోని సడ్‌బరీలో, లారెన్షియన్ విశ్వవిద్యాలయంలో మైకేల్ పెర్సింగర్ అనే శాస్త్రవేత్త ఒక హెల్మెట్‌కు అయస్కాంత తీగచుట్టలు అమర్చి, చీకటి గదిలో కూర్చోబెట్టినవారి కణతల మీదుగా అతి బలహీనమైన అయస్కాంత క్షేత్రాలను ప్రసరింపజేసేవారు. గదిలో ఎవరో ఉన్నారన్న అనుభూతి చాలామందికి కలిగిందని ఆయన ప్రకటించడంతో, పత్రికలు దానికి గాడ్ హెల్మెట్ అని పేరు పెట్టాయి. మనస్తత్వ శాస్త్రవేత్త సూజన్ బ్లాక్‌మోర్‌కు అందులో తీవ్రమైన అనుభవాలు కలిగాయి. నాస్తికవాదిగా పేరున్న రిచర్డ్ డాకిన్స్ 2003లో బీబీసీ కార్యక్రమం కోసం అదే హెల్మెట్ పెట్టుకుని కూర్చుంటే చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. ఆయన కణతల భాగానికి సున్నితత్వం తక్కువని పెర్సింగర్ సమాధానం చెప్పారు.

స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయానికి చెందిన పేర్ గ్రాంక్విస్ట్ బృందం పెర్సింగర్ ప్రయోగశాల నుంచే పరికరాన్ని తెచ్చుకుని, 89 మంది విద్యార్థుల మీద అదే ప్రయోగాన్ని మళ్లీ చేసింది. మార్చినది ఒక్క నియమమే. ఎవరి హెల్మెట్‌లో అయస్కాంత క్షేత్రం పనిచేస్తోందో, ఎవరిది ఉత్తుత్తిదో కూర్చున్నవారికీ తెలియదు, కూర్చోబెట్టినవారికీ తెలియదు. 2005లో అచ్చయిన ఫలితం ఆశ్చర్యకరం. బలమైన ఆధ్యాత్మిక అనుభవం కలిగిందన్న ముగ్గురిలో ఇద్దరి హెల్మెట్లలో ఏ క్షేత్రమూ లేదు. స్వల్పంగా ఏదో తోచిందన్న 22 మందిలోనూ 11 మందిది అదే సంగతి. అయస్కాంతం ఉండటానికీ అనుభవానికీ సంబంధం కనిపించలేదు. లీనత వంటి వ్యక్తిత్వ లక్షణాలతో మాత్రం కనిపించింది. తమ పరికరాన్ని సరిగ్గా నడపలేదని పెర్సింగర్ వాదించారు. అయినప్పటికీ తర్వాత నెదర్లాండ్స్‌లో మిఖీల్ వాన్ ఎల్క్, ఆయన సహచరులు అసలు ఏ విద్యుత్తూ ప్రసరించని నకిలీ హెల్మెట్‌తోనే ప్రయోగాలు నడిపి, లీనత ఎక్కువగా ఉన్నవారే అసాధారణ అనుభవాలను ఎక్కువగా నివేదిస్తారని చూపారు. చీకటి గది, నిశ్శబ్దం, ఏదో జరగబోతోందన్న ఎదురుచూపు ఉంటే చాలు. లీనత గల మనస్సు మిగతాది సమకూర్చుకుంటుంది.

ఇక్కడ తొందరపడి, అయితే ఇదంతా వట్టి ఊహేనని తేల్చేయడం సబబు కాదు. కోమలమైన చెవి ఉన్నవాడికి శ్రుతి తేడా ఇట్టే తెలుస్తుంది; అంతమాత్రాన శ్రుతి అనేది అతని కల్పన అయిపోదు. లీనత ఎవరికి అనుభవం కలిగే అవకాశం ఎక్కువో చెప్పగలదు. ఆ అనుభవానికి విషయమైన దైవం ఉందో లేదో చెప్పే శక్తి ఏ ప్రశ్నావళికీ లేదు. ఆస్తికులూ హేతువాదులూ ఈ ఫలితాలను చెరో వైపు లాగడం చూస్తుంటాం గానీ, రెండు వాదనలూ ప్రయోగం దాటి వెళ్లినవే.

పుట్టుకతో వచ్చిన గుణమే అంతా అయితే సాధనకు చోటెక్కడ? అమెరికన్ మానవశాస్త్రవేత్త తాన్యా లర్మన్ చికాగోలోనూ కాలిఫోర్నియాలోనూ వైన్‌యార్డ్ అనే క్రైస్తవ శాఖకు చెందినవారితో ఏళ్ల తరబడి మెలిగి, ఈ ప్రశ్నను దగ్గర నుంచి పరిశీలించారు. ఆ శాఖలో దేవుడితో కబుర్లు చెప్పుకోవడం, మనస్సులో మెదిలిన ఆలోచనల్లో తనది ఏది, దేవుడిది ఏది అని వేరుచేసుకోవడం నేర్పిస్తారు. 28 మందితో చేసిన ముఖాముఖిల్లో, రోజూ ఎంతసేపు ప్రార్థిస్తారన్నదానికీ లీనత మార్కులకూ పొంతన లేదని ఆమెకు తేలింది. ప్రార్థనలో ఏం అనుభవిస్తారన్నదానికి మాత్రం పొంతన ఉంది. ఆ తర్వాత ఆమె వందమందికి పైగా విశ్వాసులను చీటీలు తీసినట్టుగా విడగొట్టి, కొందరికి బైబిలు ఘట్టాలను పంచేంద్రియాలతో ఊహించుకునే ప్రార్థనను, మరికొందరికి బైబిలు మీద ఉపన్యాసాలను రోజుకు అరగంట చొప్పున నెలరోజులు వినిపించారు. ఊహాప్రార్థన చేసినవారిలో మనోచిత్రాలు స్పష్టంగా కదలడం, ఎవరో పిలిచినట్టు వినిపించడం వంటివి పెరిగాయి. అంటే సాధన పనిచేస్తుంది, కాకపోతే అందరి మీదా ఒకే మోతాదులో పనిచేయదు. మన ధ్యానశ్లోకాలు కూడా ఇష్టదైవాన్ని కిరీటం నుంచి పాదాల దాకా రంగుతో, ఆభరణంతో, ఆయుధంతో సహా ఊహించుకోమనే చెబుతాయి. ఆ పద్ధతి ఎంత మనోవైజ్ఞానికమో ఈ ప్రయోగం తర్వాత కొత్తగా తెలిసొస్తుంది.

ఈ కొలతలన్నీ ప్రధానంగా ప్రొటెస్టెంట్ క్రైస్తవ నేపథ్యంలో, ఎక్కువగా విద్యార్థుల మీద తయారైనవన్న విషయం తెలుగు పాఠకుడు మరవకూడదు. తెలంగాణలో ఆషాఢ బోనాలప్పుడు, కొమురవెల్లి మల్లన్న జాతరలో శివసత్తులు శిగమూగినప్పుడు కనిపించేది మౌనంగా విశ్వంలో కలిసిపోవడం కాదు. డప్పు దరువు పెరుగుతుంది, పసుపు బండారి గాలిలోకి లేస్తుంది, వేపమండ చేతికందుతుంది, అప్పటిదాకా మామూలుగా నిలబడిన ఆమె జుట్టు విరబోసుకుని ఊగిపోతుంది. చుట్టూ ఉన్నవారు ఎవరు తల్లీ నువ్వు, ఏం కావాలని అడుగుతారు. జవాబు చెప్పేది ఆమె కాదు, ఆమె మీదికి వచ్చిన అమ్మవారు. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో బోనాల మర్నాడు జరిగే రంగం అనే వేడుకలో, పచ్చికుండ మీద నిలబడిన స్త్రీ చెప్పే భవిష్యవాణిని లక్షలమంది శ్రద్ధగా వింటారు. ఇక్కడ ‘నేను’ అన్న భావం విశాలం కావడం లేదు, తాత్కాలికంగా పక్కకు తప్పుకుని మరొకరికి చోటిస్తోంది. రాల్ఫ్ హుడ్ 1975లో రూపొందించిన మార్మికతా ప్రశ్నావళి 32 అంశాల్లో ఏకత్వానుభూతికే పెద్దపీట వేసింది. దాంతో కొలిస్తే, పూనకం వచ్చిన మనిషికి అసలు ఆధ్యాత్మిక అనుభవమే లేదని తేలినా ఆశ్చర్యపోనక్కరలేదు.

పూనకాన్ని నాటకమని కొట్టిపారేసేవారు ఒక చిన్న విషయం గమనించరు. ఒకే డప్పు, ఒకే గుంపు, ఒకే నమ్మకం ఉన్నా వందలమందిలో ఊగేది కొద్దిమందే. వారిలోనూ చాలామందికి అది ఏటా వస్తుంది, కుటుంబంలో అంతకు ముందు ఎవరికో వచ్చి ఉంటుంది. స్వభావం, సాధన, సందర్భం మూడూ కలిసిన చోట ఇలాగే ఉండాలి. లర్మన్, ఆమె సహచరులు అమెరికా, ఘనా, థాయిలాండ్, చైనా, వనువాటు దేశాల్లో రెండువేల మందికి పైగా ప్రశ్నించి 2021లో వెలువరించిన అధ్యయనం రెండు విషయాలను వేరుచేసింది. ఒకటి వ్యక్తిలోని లీనత. రెండోది మనస్సుకూ బయటి లోకానికీ నడుమ గోడ ఎంత పల్చనిదని ఆ సమాజం నమ్ముతుందన్నది. ఆలోచన ఒక్కటే బయటివారికి హాని చేయగలదని, ఆత్మలు మనస్సులోకి రాగలవని నమ్మేచోట దైవసాన్నిధ్య అనుభవాలు ఎక్కువ. దిష్టి తీసే ఊళ్లలో ఈ రెండో అంశాన్ని విడిగా వివరించనక్కరలేదు.

అనుభవం ఒకటే అయినా దానికి పెట్టుకునే పేరు మనిషిని బట్టి ఎలా మారుతుందో తెలుసుకోవడానికి తెలుగునాట పుట్టిన ఇద్దరు కృష్ణమూర్తులు చాలు. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి చిన్ననాట పాఠాలు వదిలేసి పురుగులనూ మేఘాలనూ చూస్తూ ఉండిపోయేవారు. ఉపాధ్యాయుడికి మందబుద్ధిగా కనిపించారు. 1922 ఆగస్టులో కాలిఫోర్నియాలోని ఓహాయ్‌లో కొన్ని రోజులు మెడలో తీవ్రమైన నొప్పి, అపస్మారకం వంటి స్థితి గడిచాక, రోడ్డు బాగుచేస్తున్న కూలీ తానే, అతని చేతిలోని గునపమూ తానే అన్న ఏకత్వం కలిగిందని ఆయన రాసుకున్నారు. దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) ఆయన్ను జగద్గురువు రాకకు పాత్రగా అప్పటికే పదేళ్లకు పైగా తీర్చిదిద్దుతోంది. 1929లో ఆయన తన కోసం పెట్టిన సంస్థను రద్దుచేసి, ఆ చట్రాన్నే తోసిపుచ్చారు. 1918లో మచిలీపట్నంలో పుట్టిన యు.జి. కృష్ణమూర్తి కూడా దివ్యజ్ఞాన సమాజం నీడలోనే పెరిగారు. 1967లో స్విట్జర్లాండ్‌లో తన శరీరంలో వచ్చిన మార్పులను ఆయన విపత్తు అన్నారు. అది కేవలం శారీరకమనీ, జ్ఞానోదయమనే మాటే వద్దనీ జీవితాంతం కస్సుమన్నారు. చనిపోయినవారికి ప్రశ్నావళి ఇవ్వలేం కాబట్టి వారి లీనత ఇంతని చెప్పడం కుదరదు. పోలిక ఉన్న నేపథ్యాల నుంచి వచ్చి, శరీరం ద్వారానే మొదలైన అనుభవాలకు ఒకరు ఏకత్వమనీ మరొకరు విపత్తు అనీ పేరు పెట్టారన్నది మాత్రం కళ్లెదుట ఉన్నదే.

ఈ పరిశోధనలో ఒక లొసుగు ఉంది. లీనత పట్టికలోనే, మార్మికానుభవం గురించి ఇతరులు చెప్పేది తనకు నిజంగా అర్థమవుతుందా అని అడిగే అంశం ఉంది. అమెరికన్ మనోవైద్యుడు రాబర్ట్ క్లోనింజర్ 1993లో ప్రతిపాదించిన స్వాతిక్రమణ (తన హద్దులు దాటి తనకన్నా పెద్దదానితో ఒకటి కావడం) అనే వ్యక్తిత్వ లక్షణంలో ఆధ్యాత్మిక అంగీకారం ఒక ఉపభాగం. ఆధ్యాత్మికతను లోపల పెట్టుకున్న లక్షణం ఆధ్యాత్మికతను సూచిస్తుందని నిరూపించడంలో గొప్పేముంది? అదీగాక, లీనత పరీక్షా హిప్నాటిజం పరీక్షా ఒకే సందర్భంలో పెడితేనే వాటి మధ్య సంబంధం కనిపిస్తోందనీ, సంబంధం లేనివిగా వేరుచేసి పెడితే అది సన్నగిల్లుతోందనీ 1986లోనే కౌన్సిల్, కర్ష్, హాఫ్నర్ ఎత్తిచూపారు. ఎదురుచూపు అనే అంశం ఎంతలా చొరబడుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. అందుకే నకిలీ హెల్మెట్ ప్రయోగాల వంటివాటికి, కేవలం ప్రశ్నలడిగి సంబంధాలు లెక్కించే అధ్యయనాల కన్నా ఎక్కువ విలువ ఇవ్వాలి.

స్వభావం అనుభవాన్ని నడిపిస్తే, అనుభవం స్వభావాన్ని మార్చగలదా? పెద్దల వ్యక్తిత్వం అంత తేలిగ్గా మారదన్నది సాధారణ అవగాహన. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే, భ్రాంతులు కలిగించే సైలోసైబిన్ అనే పదార్థాన్ని వైద్యుల పర్యవేక్షణలో ఇచ్చిన ప్రయోగాలను విశ్లేషించి కేథరిన్ మెక్లీన్ బృందం 2011లో, సంపూర్ణ మార్మికానుభవం పొందినవారిలో కొత్తదనం పట్ల సుముఖత పెరిగిందనీ, ఏడాది దాటాక కూడా ఆ పెరుగుదల చాలావరకు నిలిచిందనీ ప్రకటించింది. అయితే ఇలాంటి ప్రయోగాలకు తమంతట తాము ముందుకొచ్చేవారు మొదటినుంచే సగటు మనిషి కన్నా కొత్తదనాన్ని కోరుకునేవారు. ఆ పదార్థం మన దేశంలో మాదకద్రవ్యాల చట్టం కింద నిషిద్ధమన్నది వేరే సంగతి.

లీనతకు ఒక ఇబ్బందికరమైన పొరుగు కూడా ఉంది. అశరీరవాణి వినిపించడం, మరొకరి సన్నిధి తెలియడం మానసిక రోగ లక్షణాల జాబితాలోనూ కనిపిస్తాయి. రూపం చూసి రోగమో యోగమో చెప్పలేమనీ, ఆ అనుభవం మనిషి విలువలతో, బతుకుతో ఎలా కలుస్తోందో, అతన్ని నిలబెడుతోందో కూలదోస్తోందో చూడాలనీ మైక్ జాక్సన్, బిల్ ఫుల్‌ఫర్డ్ 1997లో వాదించారు. అమెరికన్ మనోవైద్యుల రోగనిర్ధారణ గ్రంథం 1994 నాటి కూర్పులో మత, ఆధ్యాత్మిక సమస్యలకు రోగం కాని ఒక విభాగాన్ని చేర్చింది. సమాజం అంగీకరించిన మతాచారంలో భాగమైన పూనకాన్ని వ్యాధిగా లెక్కించకూడదని 2013 కూర్పు స్పష్టంగా చెబుతుంది. ఆచారం వెలుపల, ఎప్పుడు పడితే అప్పుడు, ఇష్టానికి వ్యతిరేకంగా వచ్చి నిద్రనూ పనినీ సంసారాన్నీ చెరిపేసే పూనకం వేరు. అలాంటివారిని గుళ్లూ దర్గాలూ తిప్పుతూ నెలలు గడపడం వల్ల చికిత్స ఆలస్యమవుతుంది.

రోగం ఉన్నప్పుడు కూడా సంస్కృతి ముద్ర చెరిగిపోదు. కాలిఫోర్నియాలోని శాన్ మతేయో, ఘనాలోని ఆక్రా, మన చెన్నై నగరాల్లో స్కిజోఫ్రెనియా వంటి తీవ్ర మానసిక వ్యాధితో స్వరాలు వినేవారిని, ఒక్కోచోట 20 మంది చొప్పున, లర్మన్ బృందం ప్రశ్నించింది. అమెరికన్లకు ఎక్కువగా హింసాత్మకమైన ఆదేశాలు, తమ మెదడు చెడిందన్న భావన ఎదురయ్యాయి. ఆక్రాలో చాలామంది దేవుడి మాట విన్నామన్నారు. చెన్నైలో చాలామందికి వినిపించినవి బంధువుల గొంతులు: ఇల్లు ఊడవమని, స్నానం చేయమని, ఇంటిపని చూసుకోమని చెప్పే పెద్దల గొంతులు. కొన్నిసార్లు అవి తిట్టేవి, కొన్నిసార్లు సలహా ఇచ్చేవి, పరాయివి మాత్రం కావు. అందుకే లోపలి గొంతు ఉందా లేదా అని అడిగి ఆగిపోకుండా, అది ఎవరిది, ఏమంటోంది, దానితో మీ వరస ఏమిటి అని కూడా రోగిని అడిగి రాసుకోవాలన్న వాదన మనోవైద్యంలో ఇప్పుడు బలపడుతోంది.